జెడ్పీ హైస్కూల్లో ఉండి పెద్ద చదువు మీద కన్నేసిన పిల్లలకి

ఉదయగిరి వైపో కొండపి వైపో జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తొమ్మిదో చదువుతూ, ఐఐటీ అనో సైంటిస్టు అనో మనసులో పెట్టుకుని, పైకి అంటే ఎవరైనా నవ్వుతారేమోనని ఊరుకున్న పిల్లల కోసం రాస్తున్నా. ఇంట్లో ఆ దారి తెలిసినవాళ్లు ఉండరు. ట్యూషన్ ఉండదు. నెల్లూరు వెళ్లినప్పుడు కాలేజీల ఫ్లెక్సీల మీద ర్యాంకుల ఫొటోలు చూడటమే. ఇలాంటి పిల్లలు చదువులో వెనకబడి ఆగిపోతారని అందరూ అనుకుంటారు. చాలామంది ఆగేది అంతకంటే ముందే. అప్లికేషన్ తేదీ దాటిపోతుంది, ఆధార్‌లో పేరు ఒకలా బడి రికార్డులో ఇంకోలా ఉంటుంది, ఫలానా పరీక్ష ఒకటి ఉందని చెప్పేవాళ్లే ఉండరు. అందుకే ముందు తేదీలు, కాగితాలు చూద్దాం. చదువు సంగతి ఆ తర్వాత.

పాత క్యాలెండరు ఒకటి తిరగేసి, వెనక తెల్లవైపు పన్నెండు నెలలు గీసుకో. జులై, ఆగస్టు దగ్గర లెక్కల ఒలింపియాడ్ మొదటి పరీక్షకి రిజిస్ట్రేషన్ అని రాయి. ఆగస్టు, సెప్టెంబరు దగ్గర ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు అప్లికేషన్. సెప్టెంబరు మొదట్లో ఒలింపియాడ్ పరీక్ష. నవంబరు, డిసెంబరు దగ్గర ఎన్ఎంఎంఎస్ పరీక్ష, పదో తరగతి వాళ్లకైతే నామినల్ రోల్స్, అంటే పబ్లిక్ రాసేవాళ్ల వివరాల కాగితం. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ లోపు ట్రిపుల్ ఐటీ అప్లికేషన్లు. తేదీలు ఏటా అటూ ఇటూ జరుగుతాయి, కాబట్టి నెల వరకే రాసుకుని, ఆ నెల ఒకటో తారీకున హెడ్మాస్టరు గదికి వెళ్లి "సార్, దీని సర్క్యులర్ వచ్చిందా?" అని అడగాలి. సర్క్యులర్ బడికి వస్తుంది, అక్కడే ఫైల్లో పడి ఉంటుంది కూడా. సారుకి వంద పనులు. నువ్వు అడిగితే ఆ ఫైలు తెరుస్తారు.

ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్లకి అన్నిటికంటే ముందు ఎన్ఎంఎంఎస్. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్పు ఇది. ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు, అంటే మొత్తం 48,000. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల పిల్లలకి మాత్రమే. రెసిడెన్షియల్ బడుల వాళ్లకి ఉండదు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకి 50 శాతం చాలు.

పరీక్షలో 180 ప్రశ్నలు, మూడు గంటలు. ప్రశ్నకి నిమిషం చొప్పున. సగం, అంటే 90, మెంటల్ ఎబిలిటీ: సంఖ్యల వరసలు, కోడింగ్, బొమ్మల్లో తేడాలు, గడియారం ముళ్లు, బంధుత్వాల చిక్కుముళ్లు. మిగతా 90 పాఠాల నుంచి: సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. పిల్లలు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. మెంటల్ ఎబిలిటీ కొత్తది కాబట్టి దాని గైడు కొనుక్కుని రెండు నెలలు దాంట్లోనే మునిగిపోతారు, ఏడో తరగతి సోషల్ పుస్తకం మాత్రం ముట్టరు. 35 మార్కులు ఆ పుస్తకాల్లో ఊరికే ఉంటాయి. వేసవిలో ఏడో తరగతి సైన్సు, సోషల్ పుస్తకాలు పారేయకుండా, తూకానికి అమ్మకుండా అట్టిపెట్టుకో. మెంటల్ ఎబిలిటీకి పాత ప్రశ్నపత్రాలు పది చేస్తే దాదాపు అన్ని రకాలూ కళ్లబడతాయి.

ఇంకో పొరపాటు జవాబులు గుండ్రాల్లో దిద్దే ఓఎంఆర్ షీటు దగ్గర జరుగుతుంది. 43వ ప్రశ్న వదిలేసి 44 చేస్తావు, గుండ్రం మాత్రం 43లో దిద్దుతావు. అక్కణ్ణుంచి అన్నీ ఒక గడి పైకి జరిగిపోతాయి. సగం తెల్లకాగితం మీద 180 గడులు గీసుకుని, ఇంట్లో చేసే ప్రతి పాత పేపరుకీ ఆ గడుల్లోనే జవాబు దిద్దడం అలవాటు చేసుకుంటే, పది ప్రశ్నలకోసారి నంబరు సరిచూసుకోవడం చేతికే వచ్చేస్తుంది. తప్పుకి మార్కు కోత లేదు, కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో ఖాళీ ఒక్కటీ మిగలకూడదు.

ఎంపికయ్యాక కూడా ఈ డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. ఇది తనంతట తాను నాలుగేళ్లు రాదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, ఆ తర్వాత బడి వాళ్లు దాన్ని వెరిఫై చేయాలి. పదిలో 60 శాతం రాకపోతే ఇంటర్‌లో ఆగిపోతుంది, ఎస్సీ, ఎస్టీలకి 55. ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చేరినా, పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరినా ఆగిపోతుంది. చేరకూడదని కాదు, లెక్క వేసుకుని చేరాలి.

బ్యాంకు ఖాతా నీ పేరు మీదే ఉండాలి, ఆధార్‌కి ముడిపడి ఉండాలి. ఆధార్ రెండు బ్యాంకులకి ఇచ్చి ఉంటే, ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే డీబీటీ డబ్బు, ఆధార్ చివరగా ముడిపడిన (సీడింగ్ అయిన) ఖాతాకి పోతుంది. అమ్మ ఎప్పుడో పొదుపు సంఘం కోసం తెరిపించిన ఖాతాకి డబ్బు వచ్చి పడితే, నువ్వు రాలేదనుకుని ఏడాదంతా తిరుగుతుంటావు. ఏ ఖాతా ముడిపడి ఉందో బ్యాంకులో అడిగితే ఐదు నిమిషాల్లో చెప్తారు. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది కాబట్టి ఆరునెల్లకోసారి యాభయ్యో వందో వేసి తీస్తూ ఉండు.

ఆధార్ సంగతి ఇంకొకటి. పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాపలు మళ్లీ ఇవ్వాలి. చిన్నప్పుడు ఇచ్చిన వేలిముద్ర ఇప్పుడు కలవదు. సరిగ్గా పదో తరగతి, ఇంటర్ అడ్మిషన్ల సమయంలోనే ఇది అడ్డం పడుతుంది, ఆ వారంలోనే ఆధార్ సెంటర్ దగ్గర క్యూ ఊరంత ఉంటుంది. పుట్టినరోజు అయిన నెలలోనే చేయించుకో.

పదో తరగతి నామినల్ రోల్స్ వచ్చిన రోజు బడి మానొద్దు, జ్వరమొచ్చినా సరే. నీ పేరు, నాన్న పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అన్నీ ఆ కాగితం మీద ఉంటాయి, సరిచూసి సంతకం పెట్టమంటారు. అందులో ఏముంటే అదే పది మెమో మీద అచ్చవుతుంది. తర్వాత పుట్టే ప్రతి కాగితానికీ, జేఈఈ అప్లికేషన్ నుంచి పాస్‌పోర్టు దాకా, ఆ మెమోయే తల్లి. ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉండి బడి రికార్డులో ఒక్క అక్షరమే ఉంటే అదిగో తంటా. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక హెచ్ ఎక్కువో తక్కువో ఉన్నా అంతే. ముందుగా ఒక కాగితం మీద మూడు వరసలు రాసుకో: ఆధార్‌లో ఎలా ఉంది, బడి అడ్మిషన్ రిజిస్టరులో ఎలా ఉంది, బ్యాంకు పుస్తకంలో ఎలా ఉంది. మూడూ ఒకటి కాకపోతే ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో సరిచేయించుకోవడం తేలిక. మెమో అచ్చయ్యాక ఆఫీసుల చుట్టూ తిరగడమే.

ఇక చదువు.

ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకో. మూడింట రెండు లోంచి నాలుగింట ఐదు తీసేస్తే ఎంత? (−3)² ఎంత, −3² ఎంత? 640లో 12.5 శాతం ఎంత? ఒక సంఖ్యని ఐదుతో గుణించి రెండుతో భాగించి మూడు తీసేస్తే ఏడు వచ్చింది, ఆ సంఖ్య ఏది? పది నిమిషాలు, క్యాలిక్యులేటర్ లేకుండా. జవాబులు వరసగా: మైనస్ పన్నెండింట ఏడు, 9, −9, 80, 4. ఒకటి కంటే ఎక్కువ తప్పితే నీకు ఇప్పుడు కావాల్సింది ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం కాదు. ఆరు, ఏడు తరగతుల లెక్కల పుస్తకాలు అడిగి తెచ్చుకుని, భిన్నాలు, రుణ సంఖ్యలు, శాతాలు, సామాన్య సమీకరణాలు నాలుగు వారాల్లో మొత్తం మళ్లీ చెయ్యి. తొమ్మిదికి వచ్చాక ఏడో తరగతి పుస్తకం పట్టుకోవడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువ. ఆ సిగ్గు ఇంటర్ ఫిజిక్సు దాకా వెంట వస్తుంది: సూత్రం తెలుసు, విలువలు వేశారు, గుర్తు తప్పి జవాబు తప్పింది.

ఫౌండేషన్ గైడ్ల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. లావుగా ఉంటాయి, తొమ్మిదో తరగతి పిల్లాడికి పదకొండులోని ఫార్ములాలు ముందే కుక్కుతాయి, ఎందుకో చెప్పవు. ఆ డబ్బుతో తెల్లకాగితాలు కొనుక్కోవచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి కూడా 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ సిలబసే కాబట్టి, నీ బడి పుస్తకమే జేఈఈకి, నీట్‌కి పునాది. దానికి జత ఎన్‌సీఈఆర్‌టీ ఎగ్జంప్లర్ పుస్తకాలు. లెక్కలు, సైన్సు రెండిటికీ ఉన్నాయి, ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల సైటులో ఉచితం. నాన్న ఫోన్‌లో ఒక్కసారి పీడీఎఫ్ దించుకుంటే ఇంక నెట్ అక్కర్లేదు. మొత్తం జిరాక్సు తీయించొద్దు, అది డబ్బు దండగ. రోజుకి ఐదు లెక్కలు నోటుబుక్‌లోకి చేత్తో ఎక్కించుకో. రాస్తున్నప్పుడే ప్రశ్న సగం బుర్రకెక్కుతుంది, ఫోన్ నాన్నకి తిరిగిచ్చేయొచ్చు.

బడి పుస్తకం మించి బుర్ర పదును పెట్టుకోవాలంటే లెక్కల ఒలింపియాడ్ పాత పేపర్లకి మించినవి లేవు. మొదటి మెట్టు ఐఓక్యూఎం. 30 ప్రశ్నలు, మూడు గంటలు, 100 మార్కులు: రెండు మార్కులవి పది, మూడు మార్కులవి పది, ఐదు మార్కులవి పది. ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు పూర్ణ సంఖ్య. ఎనిమిదో తరగతి నుంచే రాయొచ్చు. ఆపై మెట్లు ప్రాంతీయ స్థాయిలో ఆర్ఎంఓ, దేశ స్థాయిలో ఐఎన్ఎంఓ. కలన గణితం (క్యాలిక్యులస్) అక్కర్లేదు, సంఖ్యలు, బీజగణితం, జ్యామితి, లెక్కించే పద్ధతులు, అంతే. పాత పేపర్లు ముంబయిలోని హోమీ భాభా సెంటర్ సైటులో ఊరికే దొరుకుతాయి. మొదటి ఏడాది ముప్పైలో నాలుగు వచ్చినా గొప్పే. ఇక్కడ అర్హత సాధించడం రెండో సంగతి. ఒకే లెక్క దగ్గర అరగంట కూర్చోగలగడం అలవడితే ఇంటర్‌లో కోచింగ్ పిల్లల పక్కన నువ్వు బెదరవు.

ఎలా కూర్చోవాలో ఒకటి చూద్దాం. 7ని 2025 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో చివరి రెండు అంకెలు ఏవి? ఆ సంఖ్యలో 1,712 అంకెలుంటాయి, గుణించి కనుక్కోవడం అయ్యే పని కాదు. చిన్నవాటితో మొదలుపెట్టు. 7. రెండు ఏడులు 49. మూడు ఏడులు 343, చివరి రెండు 43. నాలుగు ఏడులు 2401, చివరి రెండు 01. ఇక్కడ ఆగు. 01ని మళ్లీ 7తో గుణిస్తే 07, తర్వాత 49, 43, 01. గానుగెద్దులా నాలుగడుగులకోసారి అక్కడికే వస్తోంది. 2025ని 4తో భాగిస్తే శేషం 1. కాబట్టి మొదటిదే: 07.

జవాబు వచ్చింది కదా అని పేజీ తిప్పితే సగం లాభం పోయినట్టే. ఇప్పుడు 7 తీసేసి 3 పెట్టు. 3, 9, 27, 81, 43, 29, 87, 61... నాలుక్కి తిరగలేదే! ఎంతకి తిరుగుతుందో నువ్వే రాసి చూడు: ఇరవైకి. 2025ని 20తో భాగిస్తే శేషం 5, కాబట్టి జవాబు 43. 7కి నాలుగు, 3కి ఇరవై ఎందుకు? 2 పెడితే 01 అసలు రానే రాదు, ఎందుకు? ఈ ప్రశ్నలు ఏ గైడూ వేయదు. వారం తర్వాత పుస్తకం మూసి అదే లెక్క మళ్లీ మొదటి నుంచి రాయి. రాయలేకపోతే అప్పుడు నీకు అర్థమైంది లెక్క కాదు, ఎవరో రాసిన జవాబు.

దారి దొరక్కపోతే? అరగంట వరకు జవాబు చూడొద్దు. తర్వాత మొదటి రెండు లైన్లు మాత్రం చూసి, మిగతాది చేత్తో కప్పి, మళ్లీ పదిహేను నిమిషాలు. అప్పటికీ రాకపోతే పూర్తిగా చదివి, వెనక అట్ట మీద ఆ లెక్క నంబరు, తేదీ వేసుకో. ఇలాంటివి వారానికి మూడు చాలు. వీడియోలు చూస్తూ "ఆఁ, అర్థమవుతోంది" అనుకోవడం సినిమా చూడటం లాంటిదే, పెన్ను కదలకపోతే ఏదీ మిగలదు.

సార్లని అడిగే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. "సార్, వర్గ సమీకరణాలు అర్థం కాలేదు" అంటే ఏ సారైనా "మళ్లీ చెప్తాలే కూర్చో" అంటారు. అదే నోటుబుక్ పట్టుకెళ్లి, "సార్, ఇక్కడ ఎక్స్ ముందున్న సంఖ్యని సగం చేసి, దాని వర్గం రెండు వైపులా కలిపారు. సగమే ఎందుకు సార్?" అని వేలు పెట్టి చూపిస్తే సారు కుర్చీ లాగి కూర్చోమంటారు. లాంగ్ బెల్ తర్వాత పది నిమిషాలు, వారానికి రెండు రోజులు, రెండేసి ప్రశ్నలు. అంతకు మించి తీసుకోవద్దు, వాళ్లకీ బస్సులుంటాయి. ఊళ్లో రిటైరైన మాస్టారు ఉంటే ఇంకా మంచిది, వాళ్లకి తీరిక ఉంటుంది. ఒంగోలు ట్రిపుల్ ఐటీలోనో మరెక్కడో చదివే అన్నో అక్కో పండక్కి ఊరొస్తే వెళ్లి కలువు, పాత పుస్తకాలు అడుగు. సంక్రాంతికి వచ్చినవాళ్లు పుస్తకాలు అటక మీద పెట్టి వెళ్తారు, అడిగితే కాదనరు.

ఇంటి పని సంగతి వదిలేసి టైంటేబుల్ రాస్తే అది అబద్ధమే. పొగాకు ఊళ్లలో ఆకు కోసే రెలుపులు, ఆకు ఆరబెట్టే బ్యారన్ పని సరిగ్గా పరీక్షల ముందు నెలల్లోనే ముమ్మరంగా ఉంటాయి. నెల్లూరు వైపు కోతలూ మార్చి చుట్టూతానే. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాకి పిల్లల్ని పంపే ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి పదో తరగతి సిలబస్ సంక్రాంతి లోపు ఒకసారి పూర్తయి ఉండాలి, జనవరి నుంచి తిరగేయడమే పెట్టుకోవాలి. చేతులు పనిలో ఉన్నప్పుడు సోషల్ తేదీలు, సైన్సు నిర్వచనాలు నోటితో చెప్పుకోవచ్చు. లెక్కలు మాత్రం తెల్లవారుజామున, ఐదు నుంచి ఆరున్నర దాకా, బుర్ర తాజాగా ఉన్నప్పుడే. రాత్రి పదకొండు దాకా కళ్లు నులుముకుంటూ కూర్చునే కంటే తొమ్మిదిన్నరకి పడుకోవడం మేలు. ఇంట్లో అడగాల్సింది కూడా లెక్కగా అడుగు. "నన్ను పనికి పిలవొద్దు" అంటే గొడవ. "అమ్మా, ఆదివారం పొద్దున తొమ్మిది దాకా వదిలెయ్, ఆ తర్వాత వస్తా" అంటే సరేనంటారు. ఆ మూడు గంటల్లో ఒక పాత పేపరు పూర్తిగా, గడియారం పెట్టుకుని.

పది పబ్లిక్ గురించి కొంచెం. ట్రిపుల్ ఐటీకి వేరే ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే ప్రవేశ పరీక్ష. వీటిని నడిపే యూనివర్సిటీ ఆర్జీయూకేటీకి నూజివీడు, ఆర్కే వ్యాలీ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లున్నాయి. ఆరేళ్ల కోర్సు: రెండేళ్లు ఇంటర్ లాంటి పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల పిల్లలకి 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు, ఆడపిల్లలకి సీట్లలో మూడో వంతు. పది ఆ ఏడాదే, మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. మార్కులు సమానమైతే ముందు లెక్కల మార్కులు చూస్తారు.

అందుకే లెక్కల పేపరు పట్టుకో. 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. చివరి ఐదిటిలోనే 40 మార్కులు. వాటికి గంటా పది నిమిషాలు అట్టిపెట్టాలి. చాలామంది ఒక మార్కు ప్రశ్నల దగ్గర నలభై నిమిషాలు నలిగి, ఆఖర్న గ్రాఫు హడావిడిగా గీస్తారు. గ్రాఫులో స్కేలు రాయరు, అక్షాలకి పేర్లు పెట్టరు, విలువల పట్టిక వేయరు. గీత సరిగ్గానే ఉంటుంది, మార్కులు పోతాయి. దిద్దేవాళ్లు మెట్లవారీగా మార్కులేస్తారు కాబట్టి జవాబు రాకపోయినా దత్తాంశం, సూత్రం, విలువలు వేసిన లైను రాసి వదిలెయ్. రావాల్సినన్ని రాలేదని గట్టి నమ్మకముంటే సబ్జెక్టుకి వెయ్యి రూపాయలు కట్టి రీవెరిఫికేషన్ పెట్టొచ్చు, జవాబుపత్రం నకలు కూడా ఇస్తారు. అయిదొందల రీకౌంటింగ్‌లో కూడికలు మాత్రమే చూస్తారు.

ట్రిపుల్ ఐటీ రాకపోతే దారి మూసుకుపోదు. ఏపీఆర్‌జేసీ రెసిడెన్షియల్ కాలేజీలకి పది సిలబస్ మీదే 150 మార్కుల పరీక్ష ఉంటుంది. దానికి అప్లికేషన్ పది పరీక్షల రోజుల్లోనే వస్తుంది, అందుకే చాలామందికి తప్పిపోతుంది. పాలిసెట్‌తో డిప్లొమా చేస్తే ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. త్వరగా ఉద్యోగం కావాల్సిన ఇంటికి అది మంచి దారే, చిన్నచూపు అక్కర్లేదు.

సైన్సు మీద నిజంగా ఇష్టమున్నవాళ్లకి పక్కనే తిరుపతిలో సైన్సు చదువు కోసమే ఉన్న కేంద్ర సంస్థ ఐసర్ ఉంది, 2015లో పెట్టారు. మన పిల్లల్లో సగం మందికి ఆ పేరే తెలియదు. దాని పరీక్షలో జీవశాస్త్రం, రసాయన, లెక్కలు, భౌతిక నాలుగూ పదిహేనేసి ప్రశ్నలు. లెక్కలంటే ప్రాణమైతే చెన్నైలో చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పాత పేపర్లు వాళ్ల సైటులోనే ఉన్నాయి, ఒలింపియాడ్ లెక్కలు చేసినవాళ్లకి ఆ ప్రశ్నలు కొత్తగా అనిపించవు.

ఐఐటీ అంటే లక్షలు అని ఇంట్లో ముందే చేతులెత్తేస్తారు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. మిగతావాళ్లలో ఇంటి ఆదాయం లక్ష లోపైతే మొత్తం, లక్ష నుంచి 5 లక్షల దాకా అయితే మూడింట రెండొంతులు మాఫీ. హాస్టలు, మెస్సు వేరే. ఈ రెండు వాక్యాలు కాగితం మీద రాసి నాన్నకి చదివి వినిపించు.

భాష సంగతి. జేఈఈ మెయిన్ 2021 నుంచి, నీట్ 2017 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. ఐఐటీ సీటుకి రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిషు, హిందీలోనే. కాబట్టి ఐఐటీ అనుకుంటే ఎనిమిది నుంచే ఇంగ్లిషులో సైన్సు చదవడం రావాలి. మన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటుంది. దానంత మంచి నిఘంటువు ఇంకోటి లేదు. రోజుకొక పేరా తీసుకో. ఇంగ్లిషుది చదివి, తెలుగు పేజీ మూసి, అర్థమైంది తెలుగులో రాసి, తర్వాత తెరిచి సరిచూడు. త్వరణం, ఘర్షణ, సాంద్రత, ద్రవ్యవేగం లాంటి మాటలకి ఇంగ్లిషు మాట పక్కన రాసుకుంటూ పోతే ఏడాదికి నాలుగైదు వందల మాటలు పోగవుతాయి. అంతకు మించి అక్కర్లేదు.

పెద్దవాళ్లు చెప్పే సలహాల్లో కొన్ని పాతబడిపోయాయి. ఎన్‌టీఎస్‌ఈ అనే ప్రతిభా పరీక్ష రాయమంటారు, అది 2021 నుంచి ఆగిపోయి ఉంది. సైన్సు స్కాలర్‌షిప్పు కేవీపీవై అంటారు, దాన్ని 2022లో ఇన్‌స్పైర్ అనే ఇంకో స్కాలర్‌షిప్పులో కలిపేశారు. వాటి గైడ్లు ఒంగోలు, నెల్లూరు పాత పుస్తకాల షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి. లెక్కల కోసం కొనుక్కో, పరీక్ష ఉందనుకుని కాదు.

బీసీ పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సచివాలయంలో ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం జేఈఈకి, ఐఐటీ సీటుకి చెల్లదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం, అంటే బీసీల్లో పైస్థాయి కుటుంబం కాదని చెప్పేది, కేంద్ర నమూనాలో కావాలి, అది పరీక్ష రాసే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఓసీల్లో పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రానికీ అదే తేదీ. మీ కులం రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేకపోయే వీలుంది, అది ఇంటర్ మొదటి ఏడాదిలోనే చూసుకో.

ఇక పరీక్ష రోజు. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకి అటూ ఇటూ. తెల్లవారుజాము బస్సు నమ్ముకుని పొద్దున తొమ్మిదికి గేటు దగ్గరుండటం కష్టం, దారిలో టైరు పంక్చరైతే ఏడాది పోతుంది. ముందురోజు సాయంత్రమే వెళ్లి చుట్టాలింట్లో పడుకో, చుట్టాల్లేకపోతే నీతోపాటు రాసే ఇంకో ముగ్గురితో కలిసి వెళ్లు. ఆ సాయంత్రమే సెంటర్ ఎక్కడుందో నడిచి చూసి రా, ఒకే పేరుతో రెండు బ్రాంచీలున్న కాలేజీలు నెల్లూరులో తక్కువేం కాదు. హాల్‌టికెట్ రెండు కాపీలు, ఒరిజినల్ ఆధార్, రెండు ఫొటోలు, రెండు నల్ల బాల్‌పాయింట్ పెన్నులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరు తలకింద పెట్టుకుని పడుకో.